అద్దె ఇంటి వివక్షపై దావాకు ఏ ఆధారం సరిపోతుంది?

మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్న తెలుగు దంపతులం. మార్చి 4న ఉదయం 10:15కు ఒక ఇంటి ఏజెంటుకు నా పేరుతో మెయిల్ పంపగా, పావుగంటలోనే ఇల్లు అద్దెకు పోయిందని జవాబు వచ్చింది. అదే మధ్యాహ్నం నా ఆంగ్లేయ సహోద్యోగి, మా ఇద్దరి జీతమంత జీతమే చూపి అదే ఇంటి కోసం అడిగితే, మర్నాడు సాయంత్రం 5:30కు వచ్చి చూడమన్నారు.

ఇలా జరగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు మనసు కష్టపెట్టుకుని ఊరుకున్నాం. ఆ ఊరుకోవడమే తప్పని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది కనుక, ఈసారి రెండు మెయిళ్లనూ, ఆ రాత్రి వరకూ ప్రకటన తెరిచే ఉన్నట్టు చూపే స్క్రీన్‌షాట్‌నూ భద్రపరిచాను.

లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, మూడు వారాల తరువాత ‘పొరపాటు జరిగింది’ అన్న ఒక్క వాక్యం వచ్చింది. సలహా కేంద్రంవారు చట్టాన్ని ఓపికగా వివరించారు గానీ, నా ఆధారాల బలం గురించి ఏమీ చెప్పలేకపోయారు. 2010 నాటి సమానత్వ చట్టం కింద కౌంటీ కోర్టులో దావా వేయడానికి ఉన్న 6 నెలల గడువులో నాలుగు ఇప్పటికే గడిచిపోయాయి.

ఇటువంటి దావా నడిపినవారు దయచేసి చెప్పండి: సహోద్యోగి మెయిల్, అతని లిఖిత వాంగ్మూలం మీ కేసులో సరిపోయాయా, లేక ఏజెంటు దగ్గరున్న రికార్డులను కూడా కోర్టు ద్వారా తెప్పించవలసి వచ్చిందా?