టూరింగ్ బైండింగ్స్ ఎంత తేలికవి తీసుకోవచ్చు? (గుల్మార్గ్ కోసం)

విజయనగరం కుర్రోడు:
అందరికీ నమస్కారం. వచ్చే ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తన్నాం, ఈసారి గండోలా (కేబుల్ కార్) పక్కనే తిరగడం కాకుండా స్కిన్స్ (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీలు) వేసుకుని సొంతంగా ఎక్కి దిగుదామని. బూట్లు ఉన్నాయి, పిన్ ఇన్సర్ట్స్ (బైండింగ్ పిన్నులు దూరే కన్నాలు) ఉన్నవే. మా బావ సంక్రాంతికి జర్మనీ నుంచి వస్తన్నాడు, స్కీలు, బైండింగ్స్ ఏవి కావాలో తేల్చి చెప్తే పట్టుకొస్తానన్నాడు. స్కీలు తేలిపోయాయి, స్కీ నడుము (మధ్యలో సన్నటి చోటు) దగ్గర వెడల్పు 98 మిల్లీమీటర్లు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ దగ్గరే ఆగిపోయాను. డైనాఫిట్ సూపర్‌లైట్ లాంటివి ఒక్కోటి 200 గ్రాముల లోపే, సాలొమన్ షిఫ్ట్ అయితే ఒక్కోటి దగ్గర దగ్గర 900 గ్రాములు. నా బరువు 74 కేజీలు, దిగడం ఓ మాదిరిగా వచ్చు. అన్నిటికన్నా తేలికది కొనేస్తే ఏటి నష్టం? ఊడిన స్కీ జారిపోకుండా ఆపే బ్రేకులు ఉండాలా, స్కీని కాలికి కట్టే తాడు, అదే లీష్, చాలా? బిగించడానికి ఇక్కడ కంటోన్మెంట్ దగ్గర తెలిసిన కార్పెంటర్ ఉన్నాడు, పేపర్ టెంప్లేట్ ఇస్తే చేసేస్తానంటన్నాడు.

పలాస ఫౌజీ:
తమ్ముడూ, బూటు ముక్కుని రెండు పిన్నులతో పట్టే పిన్ బైండింగే తీసుకో, అందులో రెండో మాట లేదు. పాత ఫ్రేమ్ రకంలో అడుగు ఎత్తిన ప్రతిసారీ బైండింగ్ మొత్తం బూటుతో పాటు లేస్తది, పిన్ రకంలో మడమ ముక్క స్కీ మీదే ఉండిపోద్ది, నీ బూటు ఒక్కటే లేస్తది. ఆస్ట్రియా ఆయన ఫ్రిట్జ్ బార్తెల్ 1980ల్లో చేసిన పని అది, ఇప్పటికీ అన్ని కంపెనీలూ ఆ పద్ధతే వాడతన్నాయి.

కానీ గ్రాముల కన్నా ముందు తొడుక్కోవడం సరిగ్గా నేర్చుకో. నేను సర్వీసులో మంచులో చాలాకాలం ఉన్నాను, బైండింగ్ ఊడిపోయింది అని ఎవరన్నా అంటే నేను ముందు చూసేది ముందు ముక్క కిందే, అక్కడ స్ప్రింగుల కింద మంచు గట్టిపడి కూచుంటే పిన్నులున్న రెక్కలు పూర్తిగా మూసుకోవు, పైకి మూసినట్టే కనపడతది. పోల్ మొనతో అది గీకెయ్యి, బూటు ముక్కు దగ్గరున్న రెండు కన్నాల్లో మంచు కూడా తీసెయ్యి, అప్పుడు తొక్కు. తొక్కాక మడమ వదిలేసి కాలు నాలుగైదు సార్లు పైకీ కిందకీ ఊపితే కన్నాల్లో మిగిలిన మంచు కూడా నలిగిపోద్ది. ఆ తర్వాతే ఎక్కడానికి ముందు ముక్క మీదున్న లివర్ పైకి లాగి లాక్ చెయ్యి.

ఇంకో మాట, లాక్ వేసి ఉన్నప్పుడు పడితే చాలా మోడల్స్ కాలిని వదలవు. దిగే ముందు లాక్ తియ్యడం మర్చిపోతే మోకాలు పోతాది. ఎక్కేటప్పుడు అవలాంచ్ (మంచు చరియ) వస్తే స్కీలు కాళ్ళకి అలాగే ఉండి మనిషిని కిందకి లాగుతాయి. అనుమానం ఉన్న వాలు మీద లాక్ తీసి నడవమంటారు కొందరు, అలా చేస్తే కిక్ టర్న్‌లో (వాలు మీద ఒక్కో స్కీ ఎత్తి వెనక్కి తిప్పే మలుపు) స్కీ ఊడి కిందకి పోయే ప్రమాదం ఉంది. నన్నడిగితే అసలు అలాంటి వాలు మీదకే పోకూడదు. గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ కొండ మీద గండోలా పై స్టేషన్ సుమారు 3,950 మీటర్ల ఎత్తులో ఉంది, స్కీ పెట్రోల్ (భద్రత చూసే) వాళ్ళు తెరిచిన హద్దు దాటితే పూచీ నీదే. బీకన్ (మంచులో కూరుకుపోయినోళ్ళని కనిపెట్టే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), పార లేకుండా వెళ్ళొద్దు.

ఇన్స్‌బ్రుక్‌లో బొబ్బిలోడు:
అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇక్కడ స్కీ షాపులో పని చేస్తన్నాను, రోజూ ఇదే ప్రశ్న. 200 గ్రాముల లోపు వాటిల్లో చాలావరకు పడినప్పుడు బూటుని పైకి వదిలే రిలీజ్‌ని మార్చుకోడానికి ఉండదు, మడమ దగ్గర యూ ఆకారం స్ప్రింగ్ ఎంతుంటే అంతే. దిగడం బాగా వచ్చి, బరువు మీదే ధ్యాస ఉన్నవాళ్ళకి అవి. నీకు పక్కకి, పైకి రెండూ విడివిడిగా సెట్ చేసుకునేది కావాలి, ఏటీకే రైడర్ 12 లాంటిది, బ్రేకుతో కలిపినా షిఫ్ట్‌లో సగం బరువే. షిఫ్ట్ మంచిదే, లిఫ్ట్ మీద ఎక్కువ దిగేవాళ్ళకి, నువ్వు నడుస్తానంటన్నావు కదా.

బ్రేకు తీసుకో. 98 నడుముకి 100-105 బ్రేకు సరిపోద్ది. లీష్ అయితే అవలాంచ్‌లో మళ్ళీ అన్న చెప్పిన సమస్యే, వాడితే తెగిపోయే రకం వాడు.

కార్పెంటర్ సంగతి మాత్రం వద్దు బాబూ. స్కీలో లోహపు పొర ఉంటే 4.1 మిల్లీమీటర్ల బిట్, లేకపోతే 3.6, లోతు 9 మిల్లీమీటర్ల దగ్గర ఆగే స్టాప్ ఉన్న బిట్ అది, మామూలు బిట్ కాస్త జారితే అడుగు నుంచి బయటకొచ్చేస్తది. ముందు ముక్క మిల్లీమీటరు వంకరగా కూచున్నా మడమ పిన్నులు బూటుకి సూటిగా రావు. కొన్న షాపులోనే జిగ్ (కన్నాలు సరైన చోట పడేలా పట్టే అచ్చు) పెట్టి బిగించమని బావకి చెప్పు. నీ బూటు షెల్ (బయటి గట్టి డొప్ప) మీద మడమ వైపు సోల్ పొడవు మిల్లీమీటర్లలో ఉంటది, ఆ నంబర్ ఇస్తే చాలు.

విజయనగరం కుర్రోడు:
చాలా థాంక్స్ అన్నయ్యా ఇద్దరికీ. షెల్ మీద 307 అని ఉన్నాది. బావకి మెసేజ్ పెట్టేశాను. బూట్లు నా దగ్గర, స్కీలు అక్కడ కదా, వచ్చాక నేను చూసుకోవాల్సింది ఏమన్నా ఉన్నాదా?

ఇన్స్‌బ్రుక్‌లో బొబ్బిలోడు:
ఉంది. బూటు తొడిగి మడమ నొక్కాక బూటుకీ మడమ ముక్కకీ మధ్య ఎంత సందు ఉండాలో మాన్యువల్లో ఉంటది, కొన్నిట్లో 4 మిల్లీమీటర్లు, కొన్నిట్లో అసలు సందే ఉండదు. ఎక్కువైతే ఊడిపోద్ది, తక్కువైతే స్కీ వంగినప్పుడు బిగుసుకుపోయి వదలదు. ఒక్క స్క్రూ తిప్పితే మడమ ముక్క ముందుకీ వెనక్కీ జరుగుతది. రిలీజ్ నంబర్ (ఎంత బలానికి బూటుని వదలాలో చెప్పేది) వయసు, ఎత్తు, బరువు, సోల్ పొడవు, నీ స్కీయింగ్ స్థాయి బట్టి చార్ట్‌లో వస్తది, అది కూడా షాపులోనే రాయించుకోమను.

పలాస ఫౌజీ:
మన సముద్రపు గాలికి పిన్నులు, స్ప్రింగులు తుప్పు పడతాయి తమ్ముడూ. తిరిగొచ్చాక మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, గ్రీజు కొద్దిగా రాసి పెట్టు. స్కిన్స్ మాత్రం మే నెలలో అటక మీద పెట్టకు, జిగురు కరిగిపోద్ది, వాటితో వచ్చిన మెష్ గుడ్డ మధ్యలో వేసి మడిచి, చల్లగా ఉండే గదిలో పెట్టు.