రోమ్ పుట్టుక కథల్లో ఏది అసలు?

ప్రశ్న: ఒకచోట ట్రాయ్ నుంచి వచ్చిన ఈనియస్, ఇంకోచోట తోడేలు పాలు తాగిన కవలలు రోములస్, రీమస్. రోమ్‌కి మూలపురుషుడు ఎవరండీ?

జవాబు 1: రెండు వేరు కథలు, తర్వాత అతికించారు. గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ లెక్కలో ట్రాయ్ నగర పతనం క్రీ.పూ. 1184, రోమన్ పండితుడు వారో లెక్కలో రోమ్ స్థాపన క్రీ.పూ. 753. మధ్యలో 431 ఏళ్ల ఖాళీని ఈనియస్ వంశం ఏలిందని చెప్పే ఆల్బా లాంగా ఊరి రాజుల జాబితాతో పూడ్చారు. ఈ కథలు రాసిన లివీ, డయోనిసియస్, ప్లూటార్క్‌లను పక్కపక్కన పెట్టి ఘట్టాలవారీగా పట్టిక గీయండి. రీమస్ చావు దగ్గర ఆగండి: లివీయే దాన్ని రెండు రకాలుగా చెప్తాడు, కొట్లాటలో అని, రోములస్ కొత్త గోడ దూకినందుకు అని.

జవాబు 2: పట్టికలో రచయిత కాలం కూడా రాయండి. ముగ్గురూ 753కి ఏడొందల ఏళ్ల తర్వాతివాళ్లే! కవలల కథకు అంతకన్నా పాత ఆధారం, క్రీ.పూ. 296లో రోమ్ అధికారులైన ఒగుల్నియస్ సోదరులు పెట్టించిన కవలల విగ్రహం. కాపిటోలిన్ తోడేలు అనే ప్రసిద్ధ కంచు విగ్రహాన్ని మాత్రం సాక్ష్యంగా వాడకండి, దాని కింద కవలలను 15వ శతాబ్దంలో చేర్చారు.

జవాబు 3: రోమ్‌లోని పాలటైన్ కొండమీద ఇనుప యుగపు గుడిసెల స్తంభాల గుంతలు దొరికాయి కదా అని రోములస్ ఉన్నాడనేయకండి. ఊరుందని తేలింది, అంతే.