అయిదు క్వాడ్‌లు వేసిన అమ్మాయికి వెండి పతకం న్యాయమేనా?

నీలిమంచు:

బీజింగ్ ఒలింపిక్స్‌లో 2022 ఫిబ్రవరి 17న జరిగిన మహిళల ఫిగర్ స్కేటింగ్ ఫ్రీ స్కేట్‌ను, అంటే పోటీలోని రెండో ప్రదర్శనను, నిన్న మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చూశాను. చూసిన ప్రతిసారీ అదే బాధ. అలెగ్జాండ్రా ట్రుసోవా ఒకే ప్రదర్శనలో అయిదు క్వాడ్‌లు వేసింది. క్వాడ్ అంటే గాలిలో నాలుగు చుట్లు తిరిగి, ఒంటి కాలి మీద వెనక్కి జారుతూ దిగడం. ఒక్కదానికీ పడలేదు. ఫ్రీ స్కేట్‌లో ఆ రోజు అత్యధిక స్కోరు ఆమెదే, 177.13. అయినా బంగారం రెండు క్వాడ్‌లు వేసిన అన్నా షెర్బకోవాకు వెళ్లింది. రెండు ప్రదర్శనలూ కలిపి షెర్బకోవాకు 255.95, ట్రుసోవాకు 251.73.

అందరికంటే కష్టమైన పని చేసి చూపించిన మనిషి రెండో మెట్టు మీద నిలబడాలా? పరుగు పందెంలో ముందు చేరినవాడే విజేత. ఇక్కడ మాత్రం చేతుల కదలికకూ, సంగీతానికీ మార్కులు వేసి ఫలితాన్ని మార్చేస్తున్నారు. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కల పంతులు:

నీలిమంచు గారూ, మీ బాధ అర్థమైంది కానీ నేరం వేరేవాళ్ల మీద మోపుతున్నారు. స్కోర్లు విడదీసి చూడండి. ఫ్రీ స్కేట్‌లో ట్రుసోవాకు సాంకేతిక మార్కులు 106.16, కళాంశాలకు 70.97. షెర్బకోవాకు 100.49, 75.26. అంటే కళాంశాల తేడా కలుపుకున్న తర్వాత కూడా ఫ్రీ స్కేట్‌లో ట్రుసోవాయే 1.38 ముందుంది. ఆమె బంగారం పోగొట్టుకున్నది రెండు రోజుల ముందు, మొదటి ప్రదర్శన అయిన షార్ట్ ప్రోగ్రామ్‌లో. అక్కడ ట్రిపుల్ ఆక్సెల్, అంటే మూడున్నర చుట్ల జంపు, వేయబోయి పడింది. స్కోరు 74.60. షెర్బకోవాకు 80.20.

ట్రిపుల్ ఆక్సెల్ మూల విలువ, అంటే ఆ జంపుకు ముందే నిర్ణయించిన మార్కులు, 8.00. పడితే నాణ్యత మార్కుల కోతగా ఆ విలువలో సగం పోతుంది, పైగా పడినందుకు మరో పాయింటు కోత. మిగిలేది 3.00. శుభ్రంగా దిగి ఉంటే కనీసం అయిదు పాయింట్లు అదనంగా వచ్చేవి. చివరికి ఇద్దరి మధ్య తేడా 4.22. ఒక్క జంపు! న్యాయనిర్ణేతల ఇష్టాయిష్టాల దాకా వెళ్లనక్కర లేదు.

జపాన్ స్కేటర్ కవోరి సకమోటో సంగతి కూడా చూడండి. క్వాడ్ లేదు, ట్రిపుల్ ఆక్సెల్ లేదు. షార్ట్‌లో తప్పు లేకుండా చేసి 79.84 తెచ్చుకుంది. చివరికి కంచు పతకం ఆమెదే.

వసుధారాణి:

నేను ఇరవై రెండేళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. స్కేటింగ్ రింకులో ఎన్నడూ అడుగు పెట్టలేదు, టీవీలో చూడటమే. అయినా ఈ వాదన నాకు కొత్త కాదు. తరంగంలో పళ్లెం అంచు మీద నిలబడి తాళం తప్పకుండా అడుగులు వేయడం కష్టమే, దానికి చప్పట్లూ ఎక్కువే. కానీ పళ్లెం ఎక్కగానే ముఖంలోంచి కృష్ణుడు మాయమైపోయే పిల్లలను నేను రోజూ చూస్తాను. అప్పుడు మిగిలేది సాము. కష్టం చేసి చూపడం ఒక పని, ఆ కష్టం కనబడకుండా చేయడం ఇంకా పెద్ద పని.

2010 వాంకూవర్ ఒలింపిక్స్ గుర్తు చేసుకోండి. మావో అసాడా షార్ట్‌లో ఒకటి, ఫ్రీలో రెండు, మొత్తం మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు దించింది. ఒకే పోటీలో అంతకుముందు ఏ మహిళా చేయని పని అది. యూనా కిమ్ ఒక్కటీ వేయలేదు. కానీ కిమ్ 228.56తో గెలిచింది, అసాడా 205.50 దగ్గర ఆగింది. ఇరవై మూడు పాయింట్ల తేడా! కిమ్ జంపుకు ముందు వేగం తగ్గదు, దిగాక ఆగదు. జంపు ఎక్కడ మొదలైందో, సంగీతం ఎక్కడ అందుకుందో వేరుగా చెప్పలేం. ట్రుసోవా ప్రదర్శనలో ఒక జంపుకూ మరో జంపుకూ మధ్య ఏముందో నిజాయితీగా చూసి చెప్పండి. తర్వాతి జంపు కోసం చేసే పరుగు తప్ప నాకు పెద్దగా ఏమీ కనబడలేదు.

పోతే, క్రీడాస్ఫూర్తి. ఫలితం వచ్చాక ఆమె ఏడుస్తూ అందరికీ బంగారం ఉంది, నాకు లేదు అని అరవడం, ఈ ఆటంటే ద్వేషం అనడం ప్రపంచమంతా చూసింది. గెలిచిన అమ్మాయి ఒక పక్క బొమ్మ పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఆమెది కదా! 2014 సోచిలో యూనా కిమ్ అంతకంటే వివాదాస్పదమైన ఫలితాన్ని, అడెలీనా సోట్నికోవా 224.59, తన 219.11, ఎంత నిబ్బరంగా తీసుకుందో గుర్తుందా?

రింకు అమ్మ:

వసుధారాణి గారూ, కళ గురించి మీరన్న మాటకు నమస్కారం. ఏడుపు గురించి మీరన్న మాట మాత్రం ఒప్పుకోలేను.

మేము టొరంటో దగ్గర ఉంటాం. మా అమ్మాయికి పన్నెండేళ్లు. వారంలో నాలుగు రోజులు తెల్లవారుజామున అయిదున్నరకు రింకులో ఉంటాం. డబుల్ ఆక్సెల్, అంటే రెండున్నర చుట్లు, దానికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. తుంటికి మెత్తటి కవచం కట్టుకుని వెళ్లినా నీలం మచ్చలు తప్పలేదు. పడ్డ చప్పుడు గాజు అవతల కూర్చున్న నాకు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఎన్నిసార్లు విన్నానో! అలాంటిది నాలుగు చుట్లు, అయిదుసార్లు, ఒలింపిక్స్‌లో. ఆ పిల్లకు అప్పుడు పదిహేడేళ్లు. చేయగలిగినదంతా చేసి, కెమెరా ముఖం మీద పెట్టి ఉండగా ఏడ్చింది. దాన్ని క్రీడాస్ఫూర్తి లేకపోవడం అనకండి. 1994 చిబా ప్రపంచ పోటీల్లో సూర్యా బొనాలీ యూకా సాటో చేతిలో వెంట్రుకవాసిలో ఓడి, మొదట వేదిక ఎక్కనని, మెడలో వేసిన పతకం తీసేసింది. అప్పుడు తిట్టినవాళ్లున్నారు. ఈరోజు ఆ వీడియో చూస్తే నాకు కోపం రాదు, గుండె బరువెక్కుతుంది.

క్రీడాస్ఫూర్తి పిల్లల దగ్గర వెతికే ముందు పెద్దల దగ్గర వెతకండి. అదే రాత్రి పదిహేనేళ్ల కమిలా వలియెవా పడుతూ లేస్తూ ఫ్రీ స్కేట్ ముగించి నాలుగో స్థానానికి జారింది. నిషిద్ధ మందుల పరీక్ష గొడవ అప్పటికే ఆమె నెత్తిన ఉంది. రింకు దాటి వచ్చిన ఆ పిల్లను కోచ్ ఎతేరీ తుత్‌బెరీడ్జే మొదట అడిగింది ఎందుకు పోరాడటం మానేశావని! ట్రుసోవా, షెర్బకోవా, వలియెవా ముగ్గురూ ఆమె శిష్యులే.

ఇంకొక మాట. ఎక్కువ చుట్లు తిరగాలంటే సన్నటి, తేలికైన శరీరం కావాలి. మా అమ్మాయికి పదేళ్లప్పుడే ఒక కోచ్ బరువు తగ్గించమన్నారు. మర్నాడే కోచ్‌ను మార్చాం. క్వాడ్‌కే పట్టం కడితే ఆ పట్టం ఎదగని శరీరాలకే దక్కుతుంది. 2022 జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య సీనియర్ల కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచింది. నేను ఆ వార్త చదివి వంటింట్లో నిలబడి ఏడ్చాను. అమెరికా స్కేటర్ అలీసా ల్యూ పదహారేళ్లకే ఆట మానేసింది. తర్వాత తన ఇష్టంతో తిరిగి వచ్చి, క్వాడ్ లేకుండానే, నవ్వుతూ, 2025లో బోస్టన్‌లో ప్రపంచ విజేత అయింది. మా ఇంట్లో గోడ మీద ఉన్నది ఆ బొమ్మే.

నీలిమంచు:

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ శరీరాల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను.

పంతులు గారి లెక్క కూడా సరే. కానీ ఆ లెక్కలోనే నా ఫిర్యాదుకు అసలు చోటు దొరికింది. అప్పటి నియమాల ప్రకారం షార్ట్ ప్రోగ్రామ్‌లో పురుషులు క్వాడ్ వేయవచ్చు, మహిళలు వేయకూడదు! ట్రుసోవా బలం క్వాడ్. బలమైన ఆయుధం నిషిద్ధం కాబట్టి తనకు అంతగా కుదరని ట్రిపుల్ ఆక్సెల్‌కు వెళ్లింది, పడింది. కళాంశాల మీద నా ఆరోపణ వెనక్కి తీసుకుంటున్నాను. ఈ నియమాన్ని మాత్రం సమర్థించేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లెక్కల పంతులు:

నేను సమర్థించను. లుట్జ్ అనే జంపును నాలుగు చుట్లతో వేస్తే, అంటే క్వాడ్ లుట్జ్‌కు, మూల విలువ 11.50. పడితే మిగిలేది 4.75, అంటే తప్పు లేని ట్రిపుల్ (మూడు చుట్ల) లుట్జ్ 5.90 కంటే తక్కువ. సాహసానికి శిక్ష పట్టికలోనే ఉంది. దాని మీద నిషేధం ఎందుకు?

వసుధారాణి:

నేను సమర్థిస్తాను. షార్ట్ ప్రోగ్రామ్ ఉన్నదే అందరికీ ఒకే కొలత పెట్టి పునాది చూడటానికి. మా దగ్గరా మొదట అడవులు, అంటే నాట్యంలోని ప్రాథమిక అడుగులు, చూస్తాం, తర్వాతే పళ్లెం. మగవాళ్లకు వేరే కొలత ఉండటం తప్పే. అయితే ఆ తప్పు దిద్దడానికి వాళ్ల షార్ట్‌లోనూ క్వాడ్ తీసేయమంటాను.

ఏడుపు విషయంలో, రింకు అమ్మ గారూ, నా మాట వెనక్కి తీసుకున్నాను.