సిమిలారిటీ 31 శాతం వస్తే కాపీ అనాలా, వద్దా?

గెడ్డగట్టు: వాదనకి ఒక కేసు అనుకుందాం. మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు నీటి నాణ్యత మీద పీహెచ్‌డీ థీసిస్. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో సిమిలారిటీ (ఇతర రచనలతో కలిసిన పాఠం వాటా) 31 శాతం. అందులో సింహభాగం విశాఖ ఖొండలైట్ (ఒక రకం రాయి) కొండలు, వర్షపాతం, పరీవాహకం గురించిన వర్ణన (అదే ల్యాబులో ముందు వచ్చిన థీసిస్ నుంచి), మిగతాది పరీక్షా పద్ధతులు. ఫలితాల అధ్యాయంలో పోలికలు దాదాపు లేవు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 దాటి 40 వరకు మొదటి స్థాయి, ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. నా మటుకు ఇది బద్ధకమే గానీ దొంగతనం కాదు. మీరేమంటారు?

రూలుకర్ర: రూలు రూలే. 10 వరకు శిక్ష లేదు. 40 దాటితే ఏడాదిపాటు సమర్పించే వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ గీతలు చెరిపేసి అంతా కమిటీ ఇష్టానికి వదిలేస్తే, పలుకుబడి ఉన్న గైడు దొరికినవాడు గట్టెక్కుతాడు, దొరకనివాడు బలైపోతాడు.

లాసన్స్‌బే: గీత సరే గురువుగారూ, ఆ అంకె ఎలా పుట్టిందో ముందు చూడండి. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, మూలం చూపిన ఉటంకింపులు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రాకూడదని అవే నిబంధనలు చెప్తున్నాయి. అందరికీ తెలిసిన మాటలు, కాకతాళీయంగా కలిసే మాటలు వరసగా 14 దాకా మినహాయింపే. ఇవన్నీ వదిలేసేలా సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్లు పెట్టి తీస్తే ఆ 31 ఎంతకి దిగుతుందో?

ఇక పద్ధతులు. నీటి కాఠిన్యానికి పీహెచ్ 10 బఫర్ వేసి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు సూచిక కలిపి, వైన్ ఎరుపు నీలంగా మారేదాకా ఈడీటీఏ ద్రావణంతో టైట్రేట్ చేస్తారు (కొంచెం కొంచెంగా కలిపి కొలుస్తారు). దీన్ని ఎన్ని రకాలుగా రాస్తారు చెప్పండి? శాతం తగ్గించడానికి మాటలు తిప్పితే బఫర్ విలువో, రంగు మార్పో గల్లంతవుతుంది, తర్వాతి వాడు ఆ పరీక్ష తిరిగి చేయలేడు. మూలం చెప్పి, తాను మార్చిందేమిటో రాస్తే చాలు. నన్నడిగితే, మొత్తం 9 శాతమే వచ్చి, అందులో 4 ఫలితాల చర్చలోకి ఒకే పేపర్ నుంచి దిగిన థీసిస్‌నే ముందు పట్టుకోవాలి.

అచ్చుతప్పు: తెలుగు థీసిస్‌ల తమాషా వేరు. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైపు చేసిన పీడీఎఫ్ కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. సాఫ్ట్‌వేర్ దాన్ని యూనికోడ్ తెలుగుతో పోల్చలేదు. సిమిలారిటీ సున్నా దగ్గర ఆగుతుంది, సర్టిఫికెట్టూ చేతికొస్తుంది! ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి అక్షరాలు వస్తే ఆ రిపోర్టు చెల్లదు, యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ పెట్టాలి. అప్పుడు కూడా మూల గ్రంథం స్కాన్ బొమ్మగానే ఉంటే దొరకదు. ఇంగ్లిష్ నుంచి అనువదించి సొంతమని రాసుకున్నదైతే, రెండూ చదివిన మనిషికే తెలియాలి.

సగటుమనిషి: అంకెలైతే ఇంత చిక్కు లేదు. 28 మందిని 1 నుంచి 5 స్కేలు మీద ఒక ప్రశ్న అడిగి, సగటు 3.47 అని రాశారనుకోండి. మొత్తం 97 అయితే సగటు 3.46, 98 అయితే 3.50. మధ్యలో 3.47 రానే రాదు. బ్రౌన్, హెదర్స్ 2016లో చెప్పిన గ్రిమ్ పరీక్ష ఇదే. ఇక అల్లిన డేటా అనడానికి అడ్డేముంది?

లాసన్స్‌బే: తొందరపడకు తమ్ముడూ. ఆ స్కోరు ఐదు ప్రశ్నల సగటైతే సమాధానాలు 140. 486ని 140తో భాగిస్తే 3.47 చక్కగా వస్తుంది. లేదా మొదట 30 మంది ఉండి, ఇద్దరిని తీసేశాక సంఖ్య మార్చి సగటు మార్చడం మరిచారేమో, 104ని 30తో భాగించినా 3.47. అది అజాగ్రత్త. పైగా మనుషులు 100 దాటితే రెండు దశాంశాల సగటు ఏదైనా రావచ్చు కాబట్టి ఈ పరీక్షకి పట్టు దొరకదు. ముందు ఎక్సెల్ షీటు, తీసేసిన వాళ్ల లెక్క రాతపూర్వకంగా అడగాలి.

సగటుమనిషి: ల్యాప్‌టాప్ పోయింది, షీటు లేదు అంటే?

లాసన్స్‌బే: నింపిన ప్రశ్నావళి కాగితాలు, గైడుకి మెయిల్లో పంపిన పాత పట్టికలు అడగాలి. నిజంగా సర్వే చేసినవాడి దగ్గర వీటిలో ఏదో ఒకటి మిగులుతుంది.

రూలుకర్ర: ఏదీ మిగల్లేదంటే ఏ రూలు కింద పట్టుకుంటారు? 2018 శిక్షల పట్టికంతా పోలిక శాతం మీదే, కల్పించిన డేటాకి అందులో చోటే లేదు. గీత ఉన్నచోటైనా గట్టిగా ఉందాం. ఫిల్టర్లు పెట్టాక కూడా 10 దాటితే ఆర్నెల్లు ఇవ్వాల్సిందే. నోట్‌ప్యాడ్ పరీక్ష మాత్రం థీసిస్ తీసుకునే కౌంటరులోనే పెట్టొచ్చు, రెండు నిమిషాల పని.