బీజెడ్‌సీ అయిపోయింది, ఇప్పుడు బీఈడీనా బీపీఈడీనా?

కావలి_ఖోఖో:
అందరికీ నమస్తే. ఈ ఏడాదే కావలిలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ డిగ్రీ) పూర్తి చేశాను. ఖోఖో యూనివర్సిటీ టీమ్‌లో ఆడాను, జువాలజీ అన్నా అంతే ప్రాణం. పొద్దున క్లాసులో బయాలజీ చెప్పాలి, సాయంత్రం పిల్లలతో గ్రౌండ్‌లో ఉండాలి, నా కోరిక ఇంతే. ఇంట్లో మాత్రం అమ్మా మామయ్యా "ఆడపిల్లవి, ఎండలో డ్రిల్ టీచర్ పని నీకెందుకు, బుద్ధిగా బీఈడీ చెయ్" అంటున్నారు. బీఈడీ కోసం ఎడ్‌సెట్ ఎంట్రన్స్ రాయాలా, ఆటల టీచర్ కోర్సు బీపీఈడీ కోసం పీఈసెట్‌కి వెళ్లాలా? రెండూ చెప్పే పోస్టు ఏదైనా ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు_బయో_సార్:
అమ్మా, గవర్నమెంటులో రెండూ కలిపిన పోస్టు లేదు. స్కూల్ అసిస్టెంట్ బయాలజీ వేరు, స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య వేరు. మొదటిదానికి బీఈడీలో బయాలజీ మెథడాలజీ (పాఠం చెప్పే పద్ధతి) ఉండాలి, టీచర్ అర్హత పరీక్ష టెట్ పాస్ కావాలి, టీచర్ పోస్టులు భర్తీ చేసే డీఎస్సీలో 80 మార్కులకు పరీక్ష, టెట్‌కి 20 వెయిటేజీ. ఆ 80లో సబ్జెక్టుకే 40, మెథడాలజీకి 20, కాబట్టి డిగ్రీ పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేయకు. రెండోదానికి బీపీఈడీ కావాలి. రెండు కోర్సులూ రెండేసి ఏళ్లు. రెండూ ఒకేసారి చేద్దామనుకోకు, బీఈడీలో క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి, రెండో ఏడాది 16 వారాలు స్కూల్లోనే గడిచిపోతాయి.
2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు ఇచ్చారు గానీ, ఏ ఏడు ఏ సబ్జెక్టుకి ఎన్ని పడతాయో లెక్క కట్టుకుని కోర్సు ఎంచుకోవడం నాకు నచ్చదు. అవి మారిపోతుంటాయి, నువ్వు చదివింది నీ దగ్గరే ఉంటుంది. నా మాట అడిగితే బీఈడీనే ముందు. బయాలజీ టీచరుగా చేరినా సాయంత్రం ఖోఖో ఆడించొద్దని ఏ హెడ్‌మాస్టరూ అనడు.

కనిగిరి_పీడీ_మేడం:
సార్ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆఖరి మాట నేను ఒప్పుకోను. బయాలజీ టీచరు సాయంత్రం నాలుగు తర్వాత స్లిప్ టెస్టులూ రికార్డులూ పక్కనపెట్టి గ్రౌండ్‌కి రావడం ఎంతమందికి కుదురుతోంది? చెల్లీ, నువ్వు ముందు బీపీఈడీ చెయ్. ఒంట్లో పరుగు ఇప్పుడుంది. పీఈసెట్‌లో రాత పరీక్ష ఉండదు, 500 మార్కుల్లో 400 ఫిట్‌నెస్‌కే, మిగతా 100 నీ ఆటకి. ఆడపిల్లలకు 100 మీటర్లు, 400 మీటర్లు, షాట్‌పుట్, ఇంకా లాంగ్ జంప్ గానీ హై జంప్ గానీ. ఎడ్‌సెట్ ముప్పై ఏళ్లకైనా రాసుకోవచ్చు.
ఇంకో సంగతి, మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు. హైస్కూల్‌కి వచ్చాక చాలామంది ఆడపిల్లలు ఆటలు మానేస్తారు. నెలసరి రోజుల్లో నొప్పిగా ఉందని మగ సారుకి చెప్పలేరు, సెలక్షన్లకి ఊరు దాటి పంపాలంటే తోడు మేడం ఉందా అని తల్లిదండ్రులు అడుగుతారు. ప్రేయర్‌లో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోతే "టిఫిన్ తిన్లేదా" అని వదిలేయకుండా కింది రెప్ప తీసి చూసి, రక్తం తక్కువగా ఉందేమోనని పీహెచ్‌సీకి పంపేది ఒంటి సంగతి తెలిసిన పీడీనే (ఆటల టీచరే). మా కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని చెప్పడం, పిల్లల పళ్ల మీద గారలు చూసి ఇంట్లో ఏ బోరు నీళ్లు తాగుతున్నారో అడగడం, అదీ నీ బీజెడ్‌సీ పనికొచ్చే చోటు. ఆడపిల్లల హాస్టల్ బడులైన కస్తూర్బా స్కూళ్లలోనూ మహిళా పీఈటీలు (ఆటల టీచర్లు) ఉంటారు, అటు కూడా చూడు.

ఒంగోలు_బీపీఈడీ:
అక్కా, నేను ఇప్పుడు బీపీఈడీ ఫస్టియర్. ఎనాటమీ, ఫిజియాలజీ, తర్వాత కైనెసియాలజీ (ఒంటి కదలికల శాస్త్రం) వస్తాయి, ఆర్ట్స్ నుంచి వచ్చిన మావాళ్లు కండరాల పేర్లకే అల్లాడిపోతున్నారు. మీకు అది సగం వచ్చేసినట్టే. టీచింగ్ ప్రాక్టీసులో నేను పిల్లల్ని కూర్చోబెట్టి నాడి లెక్కపెట్టించి, రెండు రౌండ్లు పరిగెత్తించి మళ్లీ లెక్కపెట్టిస్తాను. పదో తరగతి బయాలజీలో శ్వాసక్రియ దగ్గర ఆక్సిజన్ చాలక కండరాల్లో లాక్టిక్ ఆమ్లం తయారవుతుందని ఉంటుందిగా, అది బోర్డు మీద కన్నా గ్రౌండ్‌లో ఎంత బాగా ఎక్కుతుందో! ప్రైవేటు స్కూళ్లలో అయితే బయాలజీ క్లాసులతో పాటు ఆటలూ చూసుకునేవాళ్లకి గిరాకీ ఉంది, జీతం మాత్రం ముందే గట్టిగా మాట్లాడుకోండి.

కావలి_ఖోఖో:
మేడం, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను, మామయ్యకి కూడా పంపమంది. పరుగు, జంప్ నాకు భయం లేదు, షాట్‌పుట్ మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు. ఎలా మొదలుపెట్టాలి?

కనిగిరి_పీడీ_మేడం:
ఆడపిల్లలకు 4 కేజీలది. మొదటి రోజే దూరం కోసం విసరకు, నడుం పట్టేస్తుంది. గుండు అరచేతిలో కాదు, వేళ్ల మొదట్లో కూర్చోవాలి, మెడకి ఆనించి నిలబడిన చోట నుంచే తొయ్యడం నేర్చుకో, బలం కాళ్ల నుంచి రావాలి. నెల్లూరు వెళ్తే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో కోచ్‌లని అడుగు, లేకపోతే మీ కాలేజీ పీడీ గారినే పట్టుకో. ఎండ ముదరకముందే, పొద్దున ఏడులోపు ముగించెయ్.

నెల్లూరు_బయో_సార్:
సరే మేడం, మీ మాటే నెగ్గనీండి. అమ్మా, బీపీఈడీ చేస్తూనే టెన్త్ బయాలజీ వారానికో పాఠం తిరగేస్తూ ఉండు. రెండేళ్ల తర్వాత ఎడ్‌సెట్ రాయాలనిపిస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.