ముందు చక్రంలో తోరణం నిలబడటం లేదు, దయచేసి చూడండి

ఓరుగల్లు చక్రం: సాయంత్రం 5 గంటల నుంచి ఇదే పని, ఇప్పుడు రాత్రి 11. మోటారు సైకిల్ ముందు చక్రం మధ్యలో ఇత్తడితో చేయించిన కాకతీయ తోరణం బిగించాను. చక్రం ఎంత తిరిగినా తోరణం నిటారుగా ఉండాలి, బ్రేకు వేస్తే కాస్త ఊగాలి. చేత్తో చక్రం తిప్పితే చక్కగా నిలుస్తోంది. కాజీపేట వైపు వెళ్తే మాత్రం వేగం 30 దాటగానే ముందుకు వాలుతుంది, 50 దగ్గర చక్రంతో పాటే గిరగిరా తిరుగుతుంది. బరువు కోసం తోరణం అడుగున సీసం పెంచాను, లాభం లేదు. బేరింగు మార్చాను, కొత్తది ఇంకా అధ్వానం. ఈ స్పిన్నర్ సంగతి తెలిసినవారు ఎవరైనా చెప్పండి.

కాజీపేట ఫిట్టర్: బేరింగు నంబరు?

ఓరుగల్లు చక్రం: 6004, రెండు వైపులా రబ్బరు మూత ఉన్నది.

చట్టం తెలుసుకో: ముందు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 చదివారా? రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ ఇత్తడి ముక్క ఊడి వెనక వచ్చేవారికి తగిలితే మీదే బాధ్యత. ఇలాంటి పనులకు ఇక్కడ సలహాలు ఇవ్వడమే తప్పు.

పాత బండి: అలంకారం వేరు, మార్పు వేరు. ఇక అసలు విషయం. మీరు అడిగేది స్పిన్నర్ కాదు. బండి ఆగాక కూడా తిరుగుతూ ఉండేది స్పిన్నర్. చక్రం తిరుగుతున్నా నిలకడగా ఉండేది ఫ్లోటర్. పేరు తప్పు చెబితే సలహా కూడా తప్పుగానే వస్తుంది.

చట్టం తెలుసుకో: వేరని ఎవరు తేల్చారు? ఆ మాట తనిఖీలో చెప్పండి, ఒప్పుకుంటారేమో చూద్దాం.

ఓరుగల్లు చక్రం: పేరు ఏదైనా కానివ్వండి, నిలబడితే చాలు. ఆరు గంటలు పోయాయి.

కాజీపేట ఫిట్టర్: తోరణం హబ్బుకు, అంటే చక్రంతో తిరిగే మధ్యభాగానికి బిగించారా, ఇరుసుకా? బ్రేకు డిస్కు ఎటు?

ఓరుగల్లు చక్రం: హబ్బుకే. కారు చక్రానికి బిగించే వీడియో చూసి చేశాను. డిస్కు ఎడమ వైపు, తోరణం కుడి వైపు.

కాజీపేట ఫిట్టర్: ఈ మాట మొదటే రాయాల్సింది. కారులో హబ్బు మధ్యభాగం కూడా తిరుగుతుంది, అందుకే బేరింగూ బరువూ కావాలి. మోటారు సైకిల్‌కు ఇరుసు తిరగదు, ఫోర్కులో బిగిసి ఉంటుంది. మీరు తిరిగే హబ్బుకు తగిలించి, బేరింగు లోపలి రాపిడితో పోట్లాడుతున్నారు. కొత్త బేరింగులో గ్రీజు నిండుగా, రబ్బరు మూత బిగుతుగా ఉంటుంది, అందుకే ఇంకా గట్టిగా లాగింది. హబ్బుకూ ఫోర్కుకూ మధ్య ఇరుసు మీద ఒక బుష్, అంటే చిన్న గొట్టం ముక్క ఉంటుంది, అది కూడా తిరగదు. 6004 లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు. దానికి సరిపోయే బుష్ లేత్ మీద చేయించి బేరింగు ఎక్కించండి, తోరణం బయటి రింగుకు. పొడవు పాత బుష్ అంతే ఉండాలి, తేడా వస్తే చక్రం పక్కకు జరుగుతుంది. అప్పుడు తోరణాన్ని లాగేది ఏదీ ఉండదు, బ్రేకు వేస్తే మాత్రం ఊగుతుంది. పాత మోడళ్లలో స్పీడోమీటరు గేరు పెట్టె చూడండి, చక్రం లోపల గేరును తిప్పుతున్నా పెట్టె ఫోర్కు దగ్గర కదలకుండా ఉంటుంది.

పాత బండి: అంటే ఇరుసుకు పెడితే అది ఫ్లోటర్ కూడా కాదు, లోలకం.

కోట వీధి: నాకు మరో బాధ. వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నిలబడ్డ తోరణాలు అవి. వాటిని బురద చిమ్మే చోట పెట్టడం ఏమిటి? పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకోండి.

ఓరుగల్లు చక్రం: పెంబర్తి ఇత్తడి పని చూసి ఇష్టపడి చేయించుకున్నాను, అగౌరవం కాదండీ. అన్నా, రేపు లేత్ దగ్గరికి వెళ్తాను.

ఓరుగల్లు చక్రం: బుష్ చేయించాను. 60లో కూడా నిలబడింది. థాంక్స్ అన్నా.

కాజీపేట ఫిట్టర్: ఊగినప్పుడు ఫోర్కు కాలికీ చువ్వలకూ ఎంత ఖాళీ ఉంది? కొలిచారా?