అప్‌డేట్: జీపీఎల్, అపాచీ లైసెన్సుల చిక్కు తీరింది

మొన్న అడిగింది నేనే. కావలి వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ రీడింగులు రాసుకునే మా యాప్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు రెండో వెర్షన్‌లో ఉంది, గ్రాఫులు గీసే లైబ్రరీ (వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్) ఏమో అపాచీ 2.0 అనే ఇంకో ఓపెన్ సోర్స్ లైసెన్సులో ఉంది, రెండూ కలిపి బయటికి ఇవ్వొచ్చా అని.

అలాగే ఇవ్వకూడదు. అపాచీలో ఆ కోడ్ మీద ఎవరైనా పేటెంట్ కేసు వేస్తే వాళ్లకిచ్చిన పేటెంట్ హక్కు రద్దయ్యే షరతు ఉంది, జీపీఎల్ 2 ఏమో తనలో లేని అదనపు షరతులు పెట్టనివ్వదు. 2007లో వచ్చిన జీపీఎల్ 3తో ఆ ఇబ్బంది లేదు. మీరు చెప్పినట్టే ఒక్కో ఫైలు తెరిచి పైన ఉన్న లైసెన్సు కామెంట్ (హెడర్) చూశాం. దాదాపు అన్నిట్లో 'వెర్షన్ 2, లేదా మీ ఇష్టాన్ని బట్టి ఆ తర్వాతిది ఏదైనా' అని ఉంది, అంటే వెర్షన్ 3 ఎంచుకోవచ్చు, ఈ ఒక్క మాటే మమ్మల్ని గట్టెక్కించింది. ఎస్సెమ్మెస్ అలర్టుల ఫైల్లో మాత్రం 'వెర్షన్ 2 మాత్రమే' అని ఉంది, అక్కడే అసలు టెన్షన్. అది రాసిన ఒంగోలు అన్న కాపీరైట్ ఆయనదే కాబట్టి ఆయన ఒప్పుకోకుండా మార్చే హక్కు మాకు లేదు. ఫోన్ చేస్తే వెంటనే సరేనన్నాడు, అయినా మెయిల్‌లో రాయించుకుని రిపోలో (కోడ్ దాచే చోట) పెట్టాం.

ఇప్పుడు మొత్తం యాప్ జీపీఎల్ 3. లైబ్రరీ కోడ్ మీద దాని అపాచీ లైసెన్సు, నోటీస్ ఫైలు అలాగే ఉంచాం, వాటిని తీసేయకూడదు. ఇంకోటి, ఇది ఒకవైపు దారే: అపాచీ కోడ్ జీపీఎల్ 3లోకి వస్తుంది గానీ మన జీపీఎల్ కోడ్‌ని అపాచీ ప్రాజెక్టులో పెట్టి అపాచీ కింద ఇవ్వడం కుదరదు.

హెడర్లు చూడమన్న అన్నకి చాలా థాంక్స్.